పెద్దక్కకు చెప్పే జవాబు

పెద్దక్క అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో. బస్టాండు వెనక గదుల్లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లందరికీ ఆమె పెద్దక్కే. తనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. తనూ ఒకప్పుడు ఆ గదుల్లో బతికినదే. హెచ్‌ఐవి రాకుండా చూసే సెంటర్ ఆ వీధి మొదట్లో తెరిచాక అందులో ఉద్యోగం దొరికింది. కండోమ్‌లు పంచడం, రక్తపరీక్షకు పిలుచుకు రావడం, అప్పుడప్పుడూ ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడగడం ఆమె పని. బయటివాళ్లు అడిగితే వాళ్లు నోరు విప్పరని, ఆ అడిగే పని ఏరికోరి ఆమెకే అప్పగించారు.

ఇక ఆ అడగడమైనా ఎలా అడిగేది! "ఏమే, కండోమ్ లేకుండా ఎవడినీ దగ్గరికి రానివ్వట్లేదు కదా?" అని గడ్డం పట్టుకుని అడిగేది. అలా అడిగితే కాదనే మొనగత్తె ఎవరమ్మా? "లేదక్కా, ఒక్కసారి కూడా" అంటే మురిసిపోయేది. ఎవరైనా తెగించి "మొన్నొకసారి తప్పిందక్కా" అన్నారో, అయిపోయారే! ముందు చెడామడా తిట్టేది. తర్వాత తనే మూలన కూర్చుని కళ్లొత్తుకునేది. తిట్లయితే దులుపుకుని పోవచ్చు, ఆ ఏడుపు చూడటం ఎవరివల్ల అవుతుంది? అందుకని అందరూ ఒకే పాఠం నేర్చేసుకున్నారు.

వాళ్లందరిలో చిట్టి అంటే పెద్దక్కకు ప్రాణం. పాతికేళ్లు దాటినా చంటిపిల్లలా నవ్వుతుంది. సెంటర్లో మీటింగ్ పెట్టినప్పుడల్లా దాన్ని లేపి నిలబెట్టి, "దీన్ని చూసి బుద్ధి తెచ్చుకోండే" అనేది. చిట్టి తల వంచుకుని నిలబడేది. సిగ్గుపడుతోందని పెద్దక్క ఇంకాస్త మెచ్చుకునేది.

ఆ ఏడాది చిట్టి చిక్కిపోసాగింది. జాకెట్లు వదులయ్యాయి. దగ్గు పట్టుకుని వదల్లేదు. "ఎండలు కదక్కా, ఆకలేయట్లేదు" అంది. పెద్దక్క నమ్మింది. పరీక్ష చేయించాలన్న ఆలోచనే రాలేదు. ఎందుకు వస్తుంది? సెంటర్లో ఒక పద్ధతి ఉంది. జాగ్రత్త తప్పుతున్నామని చెప్పినవాళ్లకు తరచుగా పరీక్ష, ఎప్పుడూ తప్పం అన్నవాళ్లకు ఏడాదికొకసారి. చిట్టి వంతు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి.

ఇంతలో పై ఆఫీసు నుంచి లెక్కలాయన దిగాడు. ముప్పై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. ఈ సెంటర్ వల్ల లాభం ఉందా, మూసేయాలా తేల్చమని పంపారట. పెద్దక్క టీ ఇచ్చి, కంప్యూటర్లో ఏం చూస్తున్నావు బాబూ అనడిగింది.

"ఇందులో మీ వీధిలాంటి వీధే ఒకటి కట్టానక్కా, అంకెలతో. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది దగ్గరికి వస్తారు, ఎంత జాగ్రత్తగా ఉంటారు, అన్నీ మీరడిగి తెచ్చిన జవాబులే. సెంటర్ ఉంటే జబ్బు ఎలా పాకుతుంది, లేకపోతే ఎలా పాకుతుంది అని రెండుసార్లు నడిపి చూస్తా. ఆ రెండిటికీ ఉన్న తేడా, మీరు కాపాడినవాళ్లు."

"మరి కాపాడామా?"

"మీ జవాబులే నిజమైతే ఈపాటికి జబ్బు సగానికి సగం తగ్గాలి. కానీ రక్తపరీక్షల్లో తగ్గినట్టు లేదు. ఇలాగే పంపితే, ఇంత జాగ్రత్తగా ఉన్నా తగ్గలేదు కాబట్టి సెంటర్ దండగ అంటారు."

పెద్దక్క ఒంటికాలి మీద లేచింది. "అంటే నా పిల్లలు అబద్ధాలకోర్లనా?"

"అబద్ధమని కాదక్కా. మీకు నిజం చెప్పలేకపోతున్నారేమో."

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా, ఎవరు చెప్పారో తెలియకుండా ఇంకోలా అడిగి చూస్తానని ఆయన అంటే, సరే కానివ్వమంది. ఆయన ఒక కుండ తెచ్చి మూతి మీద గుడ్డ కప్పించాడు. ఒక్కొక్కరూ గదిలోకి వెళ్లి గుడ్డ కింద చెయ్యి పెట్టి పూస వేయాలి. ఎప్పుడూ తప్పలేదంటే తెల్లపూస, తప్పితే ఎర్రపూస. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. గదుల్లో సంగతికి ఒకసారి, ఇంట్లో మొగుడిలా ఉండే తమ మనిషితో సంగతికి మరోసారి. పెద్దక్క మాత్రం లోపలికి రాకూడదు! ఆమె మూతి ముడుచుకుని బయట మెట్ల మీద కూర్చుంది.

మొదటిసారి కుండ బోర్లిస్తే మూడొంతులు తెలుపే. రెండోసారి బోర్లిస్తే నేలంతా ఎరుపు.

ఆ లెక్క వేసి చూశాక లెక్కలాయన మొహం విప్పారింది. "ఇప్పుడు సరిపోయిందక్కా. గదుల్లో మీ పని గట్టిగానే జరుగుతోంది. జబ్బు ఇళ్లల్లోంచి వస్తోంది. సెంటర్ మూయరు, నాది పూచీ."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్దక్కకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా అందరూ తన మొహం చూసి మాట్లాడారన్నమాట! ఆ బాధలోంచే ఇంకో మాట తట్టింది.

"బాబూ, జాగ్రత్తగా ఉన్నారని పరీక్ష లేకుండా వదిలేశామే, వాళ్ల సంగతి?"

"వాళ్లలో కొందరికి ఈపాటికే వచ్చి ఉంటుందక్కా."

"ఎవరికి?"

"ఎంతమందికో చెప్పగలను. ఎవరికో ఈ లెక్కకు తెలియదు."

పెద్దక్కకు తెలిసిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా చిట్టి గదికి పరిగెత్తింది. అది మంచం మీద ముడుచుకుని దగ్గుతోంది.

"నిజం చెప్పవే. నీ మనిషితో..."

"వాడు ఒప్పుకోడక్కా. నామీద నమ్మకం లేదా అంటాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే? నలుగురిలో నిన్ను నెత్తిన పెట్టుకున్నానే!"

"అందుకే చెప్పలేకపోయాను."

పెద్దక్క దాని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించింది. హెచ్‌ఐవి ఉంది. ఊపిరితిత్తుల్లో క్షయ ముదిరిపోయింది. ముందే వచ్చుంటే ఇంటి దగ్గరే మందులతో తేలిపోయేది, ఇప్పుడు ఆసుపత్రిలో చేరక తప్పదన్నారు డాక్టరమ్మ. మందు మానకుండా వేసుకుంటే బతికే ఆశ ఉంది, మానితే మాత్రం చెప్పలేమన్నారు.

అప్పట్నుంచి పెద్దక్క రెండు పూటలా వార్డుకు వెళ్లేది. తల దువ్వేది, నీళ్లు తాగించేది. "మాత్రలు వేసుకున్నావా తల్లీ?" అనేది. "వేసుకున్నానక్కా" అని చిట్టి నవ్వేది. పెద్దక్క ప్రాణం లేచొచ్చేది. కానీ జ్వరం తగ్గలేదు. ఒంట్లో కండ పట్టలేదు. మందు పనిచేయడం లేదేమోనని డాక్టరమ్మకూ అనుమానం వచ్చింది.

ఒక ఉదయం దుప్పటి మారుద్దామని చిట్టిని పక్కకు ఒత్తిగిలించి, దిండు పైకెత్తింది. గలీబులోంచి మాత్రలు జలజలా రాలాయి. గుప్పెడు పైనే ఉన్నాయి.

చిట్టి గోడవైపు తిరిగిపోయింది. "మింగితే వాంతవుతోందక్కా. పేగులు తెగిపోతున్నట్టుంది. నువ్వు అంత ఆశగా అడుగుతుంటే... వేసుకోలేదని ఎలా చెప్పను?"

పెద్దక్క తిట్టలేదు. ఏడవనూ లేదు. రాలిన మాత్రలన్నీ ఏరి కొంగులో పోసుకుని, వరండా చివర బల్ల దగ్గర కూర్చున్న నర్సమ్మ ముందు పెట్టింది.

"వాంతులకు కూడా ఏమన్నా ఇవ్వండమ్మా. రేపట్నుంచి దాన్ని మీరే అడగండి. నేను దాని కళ్లబడితే నాకోసమని మళ్లీ అబద్ధం చెబుతుంది. నేనిక వార్డులోకి రాను."

అని మెట్లు దిగిపోయింది. లోపల చిట్టి "అక్కా, అక్కా" అని పిలుస్తూనే ఉంది.