మాట్లాడని డీజే

కాశీబుగ్గ దాటి ట్రాక్టరు ఉద్దానం దారి పట్టిందో లేదో, రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తాడొక మనిషి. పక్కన టైరు దిగిపోయిన ఆటో. దాని నీడలో చలిమిడి బిందె, అరిసెల బుట్ట. తొట్టిలో స్పీకర్ల నడుమ కూర్చున్న తారకేశ్వరరావు ఆయన్ని చూడగానే మొహానికి కట్టుకున్న రుమాలు కళ్ళదాకా లాక్కున్నాడు. ఆయన పోతురాజు గారు, రైల్వే స్టేషన్లో తన పై అధికారి. జ్వరమని పొద్దున్న సెలవు చీటీ పంపింది ఆయనకే.

"మా మరదలి సారె బావూ ఇది, ముందున్న ఊరికి. మీరూ ఆ ఊరేనా?"

"ఆ ఊరేనండి, ఎక్కండి," అన్నాడు డ్రైవరు సూర్యం. "డీజే బాబుతో మాత్రం మాటలెట్టుకోకండి. పుట్టుమూగ."

ఇక్కడ కొంచెం వెనక్కి నడవాలి. తారకం ఆ లైన్లో ఒక స్టేషన్లో, పేరెందుకు లెండి, రైళ్ళ రాకపోకలు మైకులో చెబుతాడు. ఆరేళ్ళుగా, ఈ కథ జరిగిన 2006 వేసవి దాకా, దినకూలీ మీదే. లోకంలో మొహం తెలిసి గొంతు తెలియని వాళ్ళు కొల్లలు. గొంతు తెలిసి మొహం తెలియనివాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. చేపల వేటకు గుజరాత్ పోయే కుర్రాళ్ళకీ, విశాఖ ఆస్పత్రికి పోయే ముసలాళ్ళకీ ఊరు విడిచేటప్పుడు చివరగా వినపడేదీ, తిరిగొస్తే మొదట పలకరించేదీ ఆ గొంతే.

ఆ పెద్దమనిషే శనివారం రాత్రులు విశాఖలో ఒక హోటలు నేలమాళిగలో, రంగుదీపాల కింద జనాన్ని గెంతించేవాడు. తెల్లవారుజాము బండిలో వచ్చి, దిగీ దిగకుండానే మైకు దగ్గరికి పరుగెత్తి, తాను దిగిన బండి వచ్చియున్నదని తానే గంభీరంగా ప్రకటించేవాడు. సెలవు దొరికిన రోజున పెళ్ళిళ్ళు, సారెలు. ఎక్కడా నోరు మాత్రం విప్పడు. విప్పితే గొంతు పట్టేస్తారు. పక్క సంపాదన బయటపడితే, పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న కూలీ కూడా ఊడుతుంది. అందుకని అతను డీజే మౌని.

మూగవాడి పక్కన కూర్చున్నవాడికి నాలుక ఊరుకోదు. గుళ్ళో దేవుడి ముందు దాచుకున్నవి కూడా అక్కడ కక్కేస్తాడు.

"నీకైతే సెప్పొచ్చు బావూ," అన్నారు పోతురాజు, బిందె ఒళ్ళో పెట్టుకుని. "ఈవేళ రిజిస్టర్లో సంతకం పెట్టేసి వచ్చేశాను. కాగితం మీద నాను కుర్చీలోనే ఉన్నాను."

మౌని తల ఊపాడు.

"మా కాడొక గుంటడున్నాడు, బళ్ళు సెప్తాడు. బంగారం గొంతు. బండి నాలుగ్గంటలు లేటని ఆడు సెప్తే జనం కోప్పడరు, పులిహోర మూట ఇప్పుకుంటారు."

మౌని రెండుసార్లు ఊపాడు.

"ఆడి పర్మనెంటు ఫైలు తొమ్మిది నెల్లనించి నా బీరువాలోనే ఉంది. పంపితే ఆణ్ణి ఏ పెద్ద స్టేషనుకో ఒట్టుకుపోతారు. మనకి మరొకడు దొరుకుతాడేటి? నువ్వే సెప్పు."

మౌని చేతిలోని వైరు నాలుగు మెలికలు తిరిగింది.

ఊరి మొదట్లో సారె బుట్టలు తలకెత్తుకున్న ఆడవాళ్ళు కలిశారు. కొబ్బరితోటల మధ్య ఇసుక దారిలో ఊరేగింపు కదిలింది. తారకం కోపమంతా పాటల్లో పోశాడు. ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట తలకాయ దూరుతోంది. బుట్టలతోనే ఆడవాళ్ళు ఊగుతున్నారు. పోతురాజు గారు తలపాగా విప్పి గాలిలో తిప్పుతున్నారు.

అప్పుడు కనిపించింది తీగ. రెండు స్తంభాల మధ్య ఊయలలా జారిన కరెంటు తీగ, సరిగ్గా పై స్పీకరు ఎత్తున. తారకం పాట ఆపేశాడు. "పాటెట్టు మౌనీ" అని జనం గోల. ఆ గోలలో, ఇంజను హోరులో సూర్యానికి ఏ అరుపూ వినపడదు. తీగ నాలుగు బారల్లో ఉంది. ఫైలుదేముంది, అనుకుని అతను మైకు అందుకున్నాడు.

"ప్రయాణికులకు గమనిక. ముందు కరెంటు తీగ ఉన్నందున ఈ ట్రాక్టరు ఇచ్చటనే నిలుపబడును. దయచేసి అందరూ ఎడమవైపునకు జరుగవలెను."

ఏళ్ళ అలవాటు. ఊరేగింపంతా సామాన్లు సర్దుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని, ఎడమవైపు వరసగా నిలబడింది. పెద్దతల్లి అనే ముసలమ్మ అరిసెల బుట్ట గుండెకు హత్తుకుని, "జనరల్ పెట్టె ముందాగుతాదా, ఎనకాగుతాదా?" అని పక్కవాళ్ళని అడిగింది. సూర్యం బ్రేకు తొక్కాడు. తీగ జానెడు దూరంలో ఆగింది. పోతురాజు గారు చేతి గడియారం చూసుకున్నారు.

చూసుకుని, తలెత్తారు. తలపాగా చేతిలోంచి జారింది.

మైకు కింద పెట్టేయవలసిన మాటే. కానీ అన్నాళ్ళు మూసిన నోరు ఒకసారి తెరుచుకుంటే ఒక ప్రకటనతో తీరుతుందా?

"డివిజన్ ఆఫీసుకు పోవలసిన తారకేశ్వరరావు ఫైలు తొమ్మిది నెలలు ఆలస్యముగా నడుచుచున్నది. కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము."

జనం ఈలలేశారు. పెద్దతల్లి నిట్టూర్చింది. "పాపం, తొమ్మిది నెల్లంటే పురుడొచ్చేస్తాది."

కుర్రాళ్ళు వెదురు గడతో తీగ ఎత్తుతుండగా పోతురాజు తొట్టి దగ్గరికొచ్చారు.

"జరం తగ్గిందా?"

"తగ్గిందండి."

"ఎంతవరకు ఇన్నావు?"

"మొత్తమండి. మీరు నా చెవిలోనే చెప్పారు."

పోతురాజు గడ్డం గోక్కున్నారు. "ఫైలు సోమారం ఎల్తాది. ఇంతకీ సాయంత్రం బళ్ళు ఎవుడు సెప్తాడు?"

"ఎవరూ లేరండి. నాకు జ్వరం కదా."

"నాను కుర్చీలో ఉన్నానని రిజిస్టర్ సెప్తంది. ఇద్దరం నేకపోతే ఎలాగ? ఒక్కడైనా నిజంగా ఉండాలి కదరా."

ఈలోగా బావమరదులు వచ్చి ఆయన్ని రెక్క పట్టి లాక్కుపోయారు. తారకం ఉన్నవాటిలో పొడుగు పాటల వరస ఒకటి పెట్టి, చప్పుడు పెంచి, మిక్సరు సూర్యానికి అప్పజెప్పాడు. రెండు చిందులేసి పోతురాజు వెనక్కి తిరిగారు, ఇంకో మాటేదో చెప్పాలని. స్పీకర్ల నడుమ ఎవరూ లేరు. జీడితోటల అవతల, బస్సు రోడ్డు వైపు, రుమాలు జేబులో కుక్కుకుని, గొంతు సవరించుకుంటూ ఒక మనిషి వడివడిగా నడిచిపోతున్నాడు.