తమ్ముడి ఒంట్లో నా రక్తం

నంద్యాల డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. క్రొమాటిన్ పాఠం ఏటా వస్తుంది. ఒంట్లో ఏ కణాన్ని చూసినా దాదాపు అన్నింట్లో రాత ఒకటేనని, ఆ రాత ఉన్న పొడవాటి డి.ఎన్.ఏ. పోగు ప్రొటీన్ ఉండలకు చుట్టుకుని ఉంటుందని, ఆ చుట్టనే క్రొమాటిన్ అంటారని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. వదులుగా ఉన్నచోట కణం చదువుకోగలదు, బిగుసుకున్నచోట చదవలేదు. కన్ను కన్నయ్యేదీ, రక్తం రక్తమయ్యేదీ దాన్ని బట్టే. పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అని నేనే గుర్తు పెట్టించేదాన్ని.

మా తమ్ముడిది ఆళ్లగడ్డలో సేద్యం. ఒక ఏడాది శనగ కోతలప్పుడు నేను ఊరికి పోతే, వాడి చేతుల నిండా కమిలిన మచ్చలు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ఏం లేదక్కా, యాడో తగిలింటాది."

పళ్లు తోముకుంటే రక్తం వస్తోందని మరదలు చెప్పింది. మర్నాడే నంద్యాలకు పిలిపించి పరీక్ష చేయించాను. డాక్టరు కాగితం చూసి హైదరాబాదు పొమ్మన్నాడు. అక్కడ తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. రక్తాన్ని పుట్టించే మూలకణాలు దాదాపుగా అయిపోయాయట. వేరొకరి మూలకణాలు ఎక్కించాలన్నారు; ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే నా కణాలే వాడికి సరిపోయాయి.

ఆ కణాలు ఎముకల్లోంచి రక్తంలోకి రావడానికి నాకు ఐదు రోజులు సూదులు వేశారు. తర్వాత ఒక మిషను పక్కన పడుకోబెట్టారు. ఒక చేతిలోంచి రక్తం పోతుంది, రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. నాలుగైదు గంటలకు మిగిలింది ఆ కణాలున్న, అరచేతిలో పట్టే చిన్న సంచి.

దాన్ని మామూలు రక్తం మాదిరే తమ్ముడికి ఎక్కిస్తుంటే, అమ్మా నేనూ అద్దం ఇవతల నిలబడి చూశాం.

"ఎముకకు ఎయ్యరా?" అంది అమ్మ.

"లేదమ్మా, నరంలోకే. ఎముకల్లోకి అవే పోతాయి."

"యాడికి పోవల్లో వాటికెవురు జెప్తారు?"

పాఠంలో చెప్పేదే అమ్మకు చెప్పాను: "నువ్వు నన్ను మోసేటప్పుడు, నెల దాటిన కొన్నాళ్లకు, నా పెద్ద రక్తనాళం గోడలో కొన్ని కణాలుండె. అంతవరకూ అవి వట్టి గోడే. అప్పుడు వాటిలో మూసుకున్న చోట్లు కొన్ని తెరుచుకున్యాయి, తెరిచినవి కొన్ని మూసుకున్యాయి. రాతలో అచ్చరం మారలేదు. అయినా అవి గోడ ఇడిచిపెట్టి రక్తంలోకి దిగినాయి. ముందు కాలేయంలో ఉండి, పెరిగి, తర్వాత ఎముకల్లో చేరినాయి. ఈ దావ వాటికి కొత్త కాదమ్మా."

అమ్మ అద్దానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"నా కడుపులోనే ఇంత జరిగిందా? నాకు ఒక్కనాడన్నా తెలీలేదే!"

ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ, అది ఎవరో ఒక తల్లి కడుపులో జరిగిందన్న తలపు నాకెప్పుడూ రాలేదు.

ఎక్కించాక మూడో వారందాకా తమ్ముడి రక్తంలో తెల్లకణాలు లెక్కకు రాలేదు. ఆ తర్వాత ఒకరోజు కొన్ని కనిపించాయి, మర్నాడు ఇంకొన్ని. అవి నా కణాల పిల్లలు.

కొన్ని నెలలకు నంద్యాల ల్యాబులో మళ్లీ రక్తం ఇచ్చాడు, నేనూ వెంట ఉన్నాను. ల్యాబతను కంగారుగా బయటికి వచ్చాడు.

"అన్నా, పాత కాగితంలో బి పాజిటివ్ అని ఉండాది. ఇప్పుడు ఓ వస్తాంది. మల్లా తీస్తా."

"తీయొద్దులేప్పా, సరిగ్గానే వచ్చింది. ఆ రక్తం మా యక్కది," అని నవ్వాడు తమ్ముడు.

ల్యాబతన్ని అడిగి, రంగు వేసిన ఆ రక్తాన్ని మైక్రోస్కోపులో చూశాను. ఎర్రకణాలు తమ రాతనంతా ఎప్పుడో బయట పారేసి, ఒక్క అక్షరం లేకుండా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒక తెల్లకణం. దాని నడుమ ఊదారంగు ముద్ద, బిగుసుకున్న క్రొమాటిన్. నా ఎముకల్లోంచి పోయి, ఎవరూ చెప్పకుండానే వాడి ఎముకల్లో చోటు వెతుక్కుని, ఏది తెరవాలో ఏది మూయాలో తానే తేల్చుకున్న కణానికి పుట్టింది ఈ తెల్లకణం. కన్ను తిప్పుకోలేకపోయాను.

"అక్కా, చూసింది చాలు గానీ రా. ఆళ్లగడ్డ బస్సు పోతాది."

"ఇంకొక్క నిమిషం ఉండురా," అన్నాను.