గుర్తులేని మూడు స్టాపులు

తొకుజీకి నిద్ర కరువేమీ కాదు. రాత్రి తొమ్మిదికి పరుపు మీద వాలితే ఆరింటికి లేచేవాడు. అంత నిద్రపోయిన మనిషి పగలు పదకొండయ్యేసరికి స్టీరింగు ముందు జోగుతున్నాడంటే ఎవరు నమ్ముతారు? జపానులోని షికోకు దీవి పడమటి తీరంలో ఇరవై ఆరేళ్ళుగా ఊరి బస్సు నడుపుతున్న ఆయనే నమ్మలేదు. వయసు యాభై ఎనిమిది దాటింది కదా, అదేలే అనుకున్నాడు.

భార్య చిజురు మాత్రం అలా అనుకోలేదు.

“రాత్రి మళ్ళీ ఊపిరి ఆగిందండీ,” అంది ఓ రోజు పొద్దున, మిసో పులుసు గిన్నె ముందు పెడుతూ. “ముప్పై రెండు దాకా లెక్కపెట్టా. అప్పుడు గుర్రుమని పీల్చారు. నా ప్రాణం పోయి వచ్చిందనుకోండి.”

“ఆగినా మళ్ళీ వచ్చిందిగా.”

“వస్తుంది లెండి. రాని రోజు నేనేం చెయ్యాలో అది కూడా చెప్పి పోండి.”

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అని ఒకటుందని, దానికి పరీక్ష, మందూ మార్గమూ ఉన్నాయని క్లినిక్కులో ఇచ్చిన కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. ఆయన అందులోంచి పాలు తీసుకున్నాడే గాని కాగితం చదవలేదు. చదివి ఉంటే బాగుండేదని నేనంటాను. కానీ జబ్బని రాసిస్తే స్టీరింగు దగ్గర్నుంచి దింపేసి బస్సులు కడగమని చేతికి బకెట్టు ఇస్తారు. బస్సు తప్ప ఇంకో పని తెలియని మనిషికి ఆ భయం చిన్నది కాదు.

డిపోలో రోజూ బస్సెక్కేముందు హాజరు ఉంటుంది. మేనేజరు ఒగివారా బల్ల ముందు నిటారుగా నిలబడాలి, తాగలేదని గొట్టంలో ఊది చూపించాలి. “రాత్రి బాగా నిద్రపోయారా?” అని ఆయన అడుగుతాడు. “పోయాను,” అంటే హాజరు కాగితం మీద గడిలో టిక్కు పెట్టి తాళంచెవి చేతిలో పెడతాడు. తొకుజీ ఒక్కనాడూ అబద్ధమాడలేదు. నిద్రపోయాక కూడా నిద్రొస్తోందా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

నిద్రతో ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఉప్పులో ఊరిన పుల్లటి ఉమెబోషి కాయ బుగ్గన పెట్టుకునేవాడు. కళ్ళు మండే చుక్కలు వేసుకునేవాడు. చలికాలంలో కూడా కిటికీ తెరిచి, వెనక ముసలమ్మల చేత చీవాట్లు తినేవాడు. తొడలు గిల్లుకుని గిల్లుకుని నల్లగా కమిలిపోతే, ఊళ్ళో మగవాళ్ళంతా కలిసి స్నానం చేసే ఇంట్లో పొరుగాయన చూసి, “మీ ఆవిడ ఇంత కోపిష్టిదని తెలీదు సుమండీ,” అన్నాడు. తొకుజీ నవ్వి తువ్వాలు కప్పుకున్నాడు.

ఇవన్నీ చాలక చివరికి ఆయన నమ్ముకున్నది వేలు చూపి పలకడం. అక్కడి డ్రైవర్లందరికీ అది నేర్పిన పనే. తెల్ల గ్లోవు తొడిగిన వేలితో చూపిస్తూ, “కుడి, సరే. ఎడమ, సరే. తలుపు, సరే,” అని పైకి అనాలి. చాలామంది గొణిగి వదిలేస్తారు. తొకుజీ మాత్రం బస్సంతా వినబడేలా పలికేవాడు. నోరు ఆడుతున్నంతసేపూ కన్ను మూతపడదని ఆయన ధీమా. కిందటేడు కంపెనీ వాళ్ళు దానికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఒక మంగళవారం ఒంటిగంట నలభై బస్సు నడుపుతూ ఆస్పత్రి ముందు తెలివిలోకి వచ్చాడు. అంతకుముందు మూడు స్టాపులు ఆయనకు గుర్తులేవు. వెనక్కి తిరిగి చూస్తే దిగాల్సినవాళ్ళు దిగారు, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కి కూర్చున్నారు. ఏదో పరధ్యానం అని సర్దిచెప్పుకున్నాడు గానీ, మిగతా దారంతా తొడ గిల్లుకుంటూనే నడిపాడు.

తర్వాతి వారం డిపోలో పాఠం పెట్టారు. డ్రైవరు పనికి కొత్తగా ఇద్దరు ఆడవాళ్ళు చేరారు, నలభై దాటినవాళ్ళు. వాళ్ళకు చూపించడానికి ఒగివారా బస్సు కెమెరాలోని రికార్డింగు ఏరి తెచ్చాడు. “పలకడమంటే ఇలా ఉండాలి, చూడండి,” అని టీవీ పెట్టాడు. తెరమీద తొకుజీ. మంగళవారం, ఒంటిగంట నలభై బస్సు.

వేలు లేచింది. “కుడి, సరే.” గొంతు కంచులా ఉంది. “తలుపు, సరే.” బస్సు కదిలింది. అందరూ ఆ వేలినే చూస్తున్నారు. తొకుజీ మాత్రం తెరమీద తన టోపీ అంచు కిందకు చూశాడు. కళ్ళు మూసి ఉన్నాయి. 

“ఇక్కడ నేను నిద్రపోతున్నానండీ,” అన్నాడు లేచి.

అందరూ నవ్వారు. “నిద్రలోనే ఇంత బాగా చేస్తే, మెలకువగా ఉన్నప్పుడు ఇంకెలా చేస్తారో,” అంది కొత్తవాళ్ళలో ఒకావిడ.

“వెనక్కి తిప్పి ఆపండి, ఒగివారా గారూ. చెయ్యి కాదు, మొహం చూడండి.”

తిప్పారు, ఆపారు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. ఒగివారా టీవీ కట్టేసి, “మీరంతా టీ తాగి రండి,” అని మిగతావాళ్ళను పంపేశాడు. ఊపిరి ఆగే సంగతి తొకుజీ చెప్పగానే, పట్నంలో రాత్రంతా పడుకోబెట్టి ఆ పరీక్ష చేసే ఆస్పత్రికి ఫోన్ చేశాడు. వచ్చే నెల మూడోవారం దాకా మంచం ఖాళీ లేదన్నారు.

“అప్పటిదాకా నన్ను దింపేయండి,” అన్నాడు తొకుజీ. “బస్సులు కడుగుతాను. మరుగుదొడ్లు కడగమన్నా కడుగుతాను.”

“ఆరు రూట్లు, ఐదుగురు డ్రైవర్లు. చూపు తగ్గి నా లైసెన్సు నేనెప్పుడో వదిలేశాను. కొత్తవాళ్ళిద్దరి చేతికి లైసెన్సు రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. ఒంటిగంట నలభై ఆపేస్తే, కిడ్నీలు పాడై రక్తం శుద్ధి చేయించుకునేవాళ్ళు ఎలా వెళ్తారు? నడవలేని మనుషులు కదా. ఒక్కరోజు తప్పితే ప్రమాదం.”

“నేను నడిపితే ప్రమాదం కాదా?”

ఒగివారా, అరవై నాలుగేళ్ళ మనిషి, తొకుజీకి మొదట బస్సు నేర్పినవాడు, లేచి బల్ల ఇవతలికి వచ్చి బతిమాలుతున్నట్టు నడుము దాకా వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. అక్కడ పెద్దవాడు అలా వంగితే తల ఎత్తమని చెప్పాల్సింది ఎదుటివాడే. చెప్పాడంటే ఒప్పుకున్నట్టే.  తొకుజీకి ఆ ముసలాయన నెరిసిన నడినెత్తి ఒక్కటే కనబడుతోంది. ఆయన మీద కోపం రావలసిన చోట జాలి వచ్చింది, అదే కొంప ముంచింది.

“తల ఎత్తండి,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం హాజరులో ఒగివారా నిద్ర సంగతి అడగలేదు. తానే గడిలో టిక్కు పెట్టి, తల వంచుకునే తాళంచెవి ఇచ్చాడు.

ఒంటిగంట నలభైకి రేవు దగ్గర తొమ్మిదిమంది ఎక్కారు. చివరగా హమాగుచి అవ్వ, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధికి వెళ్ళే మనిషి, కర్ర పట్టుకుని వచ్చి ఆయన వెనక సీట్లోనే కూలబడింది.

“ఇవాళ నీ బండేనా, నాయనా. వేరేవాళ్ళ బండిలో నాకు కన్ను మూతపడదు. కాస్త పడుకుంటా, ఆస్పత్రి రాగానే లేపుతావు కదూ?”

తొకుజీ అద్దంలో ఆమెకేసి చూశాడు. ఆమె అప్పటికే మెడ వాల్చేసింది.

“అలాగేనమ్మా, లేపుతాను,” అన్నాడు.