పద్నాలుగో నంబరు బిళ్ళ

1987 జూలై 14, మంగళవారం, ఉదయం ఐదూ ఇరవై. పాలు పొయ్యిమీద పెట్టి గోడవైపు చూశాను. పద్నాలుగో మేకు ఖాళీగా ఉంది.

దయ్యాలు, ఆత్మలు అనే మాట మా ఇంట్లో చెల్లేది కాదు. కళ్ళతో చూసి, పుస్తకంలో రాసుకున్నదే నాకు నిజం. ఇదీ అలా రాసుకున్నదే.

మా ఆయన బంగారు గనిలో టైం ఆఫీసు గుమాస్తా. గనులు సర్కారు చేతికి వచ్చాక కూడా అదే పని చేసి, 1981లో పోయారు. గనిలోకి దిగేవాడు మేకుకున్న తన ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగాలి, పైకి వచ్చాక మళ్ళీ తగిలించాలి. షిఫ్టు అయ్యాక మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. అప్పుడు కారణం అడగకూడదు, మనిషిని వెతకాలి అనేవారు.

రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళే తల్లులకు నేను తోడు వెళ్ళేదాన్ని. సూదులకు పిల్లలు బెదిరిపోయేవారు. అందుకని గనుల పక్క కాలనీ కోరమండల్‌లోని మా ఇంట్లో పాత బిళ్ళలు మేకులకు తగిలించి, తలా ఒకటి ఇచ్చాను. ఆసుపత్రికి పోయేటప్పుడు తీసుకోవాలి, తిరిగి వచ్చాక తగిలించాలి. పద్నాలుగో నంబరు కామసముద్రం ముని రత్నది. ఐదేళ్ళది. "నాకూ డ్యూటీ ఉండాది" అని రైలంతా చాటేది.

పదో తేదీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి నుంచి వచ్చి, ముని తనే స్టూలెక్కి బిళ్ళ తగిలించింది. సోమవారం రాత్రి పడుకునేముందు లెక్క చూశాను, ఉంది. తలుపు లోపల గడియ వేసింది వేసినట్టే ఉంది. ఇల్లు ఊడ్చి, బియ్యం డబ్బా జరిపి వెతికాను. దొరకలేదు.

కామసముద్రం పోయే ఆరున్నర బస్సెక్కాను.

ముని తల్లి వెంకటమ్మ పట్టుపురుగులకు ఆకు వేస్తోంది.

"ఏమమ్మా, ఇంత పొద్దున్నే వచ్చినారు? మన దినం శుక్రారం కదా?"

"పాప యాడ?"

"పండుకోనుండాది. నిన్న సందేళ నుంచి ఒళ్ళు రవ్వంత కాక. ఇంగ రెండు దినాల్లో పురుగులు గూడు కడతాయి, అదైనంక పోదామని..."

సూది వేశాక జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదని ఆమెకు మూడుసార్లు చెప్పాను. కానీ చివరి రోజుల్లో ఒక పూట ఆకు తప్పితే పంటంతా పోతుంది. థర్మామీటరు పెట్టాను. నూట మూడు.

తండ్రి నారాయణప్ప ఆకుల తట్ట కింద పడేశాడు. "పోతే పోనీ పురుగులు! పాపను ఎత్తుకోమే!" రక్తం ఇవ్వాల్సి వస్తుందని అతనూ బయలుదేరాడు. ఇంట్లో ఆకు వేసేవాళ్ళు లేకుండా పోయారు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో చేర్చాం. మరునాటికి ఆగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. పదకొండు రోజులు నేనూ అక్కడే ఉన్నాను. బిళ్ళ మేకుకు లేదని మునికి అక్కడే చెప్పాను. తాళంచెవి నా నడుముకే ఉంది.

జూలై 25, శనివారం, సాయంత్రం నాలుగు. అందరం మా ఇంటికి వచ్చి తాళం తీశాం. ముని నా చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తింది.

"అవ్వా, నా బిళ్ళ నాకంటే ముందే పైకొచ్చేసుండాదే!"

పద్నాలుగో మేకుకు బిళ్ళ ఉంది. చేత్తో పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. లోతు గనిలోంచి వచ్చినవాళ్ళ బిళ్ళలు అలాగే వెచ్చగా ఉంటాయని మా ఆయన చెప్పేవారు. పక్కనున్న పదమూడు, పదిహేను ముట్టుకుని చూశాను. చల్లగా ఉన్నాయి.

ఎవరు తీశారో, ఎవరు పెట్టారో ఇన్నేళ్ళకూ నాకు తెలియదు. తీసినవారికి మాత్రం రోజూ దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటాను. మునికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

నా దగ్గర బిళ్ళ తీసుకున్న పిల్లలు మొత్తం పందొమ్మిది మంది. ఏడుగురు తిరిగి రాలేదు. ఆ జూలైలో పోయినవి మాత్రం ఒక ఇంటి పట్టుపురుగులు, బస్సులో పగిలిన నా థర్మామీటరు.