సముద్రానికి మోసుకెళ్ళిన నీళ్ళు

"…అది కాదు, ముందు నీ చేతులు చూపించు."

"మూడు వారాల కిందటి మురికి ఇప్పుడు చేతుల మీద ఉంటుందా వదినా?"

"చేతులు చెప్పకపోతే నువ్వు చెప్పు. ఆ మంగళవారం పడవెక్కే ముందు చేప తిన్నావా, లేదా?"

"ఈ ఇంట్లో ఉంటూ చేప తినడమా! చేప బొమ్మ ఉందని క్యాలెండరే తీయించావు నువ్వు."

అన్నగారు వంటగది గుమ్మంలో నిలబడి పెళ్ళాన్నీ, తమ్ముణ్ణీ మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన బస్సు డిపోలో గుమాస్తా. ఇంట్లో తగవు వస్తే న్యాయం ఎటుందో జాగ్రత్తగా కనిపెట్టి, గొంతు ఎటు పెద్దగా ఉందో అటు మొగ్గడం ఆయన పద్ధతి.

"తింటే తిన్నానని చెప్పెయ్యరా. ఇంట్లో ఒక్కడైనా తిన్నాడని సంతోషిస్తాం" అన్నారు.

వదిన ఆయన వైపు చూసింది. ఆయన కాఫీ గ్లాసు పుచ్చుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె బ్లీచింగ్ వదినే. మనిషి మలుపు తిరగక ముందే వాసన తిరుగుతుంది. సముద్ర పరిశోధన కేంద్రంలో ఆమెకు ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. మొదట్లో వలల్లో పడ్డ చేపలను బల్ల మీద పరిచి పొడవు కొలిచేది. తర్వాత ఆ కేంద్రానికి శాస్త్రవేత్తగా మేడం వచ్చింది. చేపను పట్టకుండానే అది ఉందో లేదో తెలుసుకునే విద్య ఒకటి తెచ్చింది. చేప ఈదినచోటల్లా పొలుసో, జిగురో, పెంటో నీళ్ళలో వదులుతుంది. వాటిలో దాని డీఎన్ఏ ఉంటుంది. రెండు లీటర్ల నీళ్ళు తెచ్చి సన్నటి వడపోత కాగితం గుండా లాగి, కాగితం మీద మిగిలినదాన్ని యంత్రానికి ఇస్తే, ఈ ఒకటి రెండు రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏయే చేపలు తిరిగాయో జాబితా వస్తుంది. చెత్తబుట్ట చూసి ఇంటికి ఎవరొచ్చి వెళ్ళారో చెప్పినట్టని వదిన అన్నగారికి వివరించింది. ఆ పని పక్కింటావిడ ఏ యంత్రమూ లేకుండానే చేస్తోందని ఆయన అన్నారు.

చిక్కేమిటంటే, అంత సూక్ష్మంగా పట్టే యంత్రం వేలికంటిన పులుసును కూడా పడుతుంది. చేప తిన్న చెయ్యి సీసా మూతకు తగిలితే చాలు, ఆ చేప సముద్రంలో ఉన్నట్టే లెక్క. దానికి మందు బ్లీచింగ్. ప్రయోగశాలలో బల్లలు, గరాటాలు, పట్టకార్లు, సీసాలు అన్నీ వదిన బ్లీచింగ్‌లో ముంచి తీస్తుంది. అది అక్కడితో ఆగితే వదిన ఎందుకవుతుంది? ఇంట్లో తలుపు గొళ్ళేలు, మంచినీళ్ళ సీసాలు, ఒకసారి అన్నగారి నీలం చొక్కా కూడా ఆ దారినే వెళ్ళాయి. నెలకు రెండుసార్లు పడవ మీద వెళ్ళి నీళ్ళు తెచ్చేది మరిదే. కాబట్టి దానికి రెండు రోజుల ముందు నుంచీ ఇంట్లో చేప వండకూడదని మొదట్లో నియమం; ఇప్పుడు అసలు వండనే వండదు. సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఉండి కూడా, చేపలమ్మే మనిషి గుమ్మం ముందు గొంతు తగ్గించుకుని దాటిపోయే ఇల్లు అదొక్కటే.

పడవలో ప్రతిసారీ ఒక సీసా అదనంగా వెళ్తుంది. అందులో ప్రయోగశాలలో శుద్ధి చేసిన నీళ్ళుంటాయి. సముద్రం మీద మూత తీసి, కాసేపుంచి, మూత పెట్టి, అవే నీళ్ళు తిరిగి తేవాలి. దాన్ని మేడం బ్లాంకు అంటుంది. అందులో ఏ చేప జాడా కనబడకూడదు. కనబడితే ఎక్కడో మురికి కలిసినట్టు. ఆ రోజు తెచ్చిన సీసాలన్నీ దండగ. మరిదికి ఇది మొదటినుంచీ విడ్డూరమే. "సముద్రానికి నీళ్ళు మోసుకెళ్ళి, మళ్ళీ అవే నీళ్ళు మోసుకురావడం. మా తాత వింటే పడవ అమ్మేసేవాడు" అంటూనే మోసేవాడు.

ఈసారి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నాలుగో చోట ముంచిన నీళ్ళలో రంపపు చేప జాడ దొరికింది. ముక్కుకు రెండువైపులా పళ్ళున్న రంపం మొలిచిన చేప అది. ఆ తీరంలో చివరిదాన్ని ఇరవై ఏళ్ళ కిందట బల్ల మీద కొలిచింది వదినే. టేపు చాలక తాడు కట్టి కొలిచింది. ఆ తర్వాత ఎవరి వలలోనూ పడలేదు. మేడం కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుంది. ఆ మొగను ఏడాదికి మూడు నెలలు వలలు వెయ్యకుండా మూసెయ్యాలని రెండేళ్ళుగా అడుగుతోంది. అది తేల్చే కమిటీ శుక్రవారం కూర్చుంటుంది. ఈ ఒక్క కాగితం చాలు. అప్పుడు పేజీ తిప్పింది. బ్లాంకులోనూ రంపపు చేపే.

"ఒక్కోసారి జరుగుతుంది లెండి" అంది మేడం. ఆ 'లెండి' వదినకు మూడు రోజులు గొంతు దిగలేదు. రిజిస్టరులో 'ప్రయోగశాలలో కలుషితమైనట్టు అనుమానం' అని రాశారు. ప్రయోగశాలలో నీళ్ళు వడపోసేది వదిన ఒక్కతే. ఆమె చేరినప్పటి నుంచి ఆమె పని మీద అలాంటి మాట ఎవరూ రాయలేదు.

అందుకే ఈ చేతుల పరీక్ష. మరిది ఎంతకీ ఒప్పుకోకపోయేసరికి వదిన రెండు జాబితాలనూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచింది. చదివింది పదో తరగతే గాని, పరీక్ష ఫలితాల్లో నంబరు వెతికినట్టు వేలు పెట్టి ఒక్కో పేరే దించుకుంటూ వచ్చింది. బ్లాంకులో పదిహేడు చేపలున్నాయి. నాలుగో చోటు నీళ్ళలోనూ అవే పదిహేడు. ఇక్కడ ఎక్కువున్నది అక్కడా ఎక్కువ, ఇక్కడ తక్కువున్నది అక్కడా తక్కువ.

"ఒక్క పూట పదిహేడు రకాలు తినగలవా నువ్వు?"

"ఎవరైనా పెడితే చూద్దాం."

వదిన నవ్వలేదు. వేలి మురికైతే ఒకటో రెండో పేర్లు లీలగా కనబడాలి. ఇది మురికి కాదు, సముద్రమే.

"ఆ బ్లాంకు సీసాని ఏం చేశావు?"

మరిది తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "దాహమేసింది వదినా."

"తాగేశావా?"

"సగం తాగి ఆపుదామనుకున్నా. రుచీ పచీ లేని నీళ్ళు, ఎంత తాగినా తాగినట్టే లేదు."

"మరి నిండు సీసా ఎలా తెచ్చావు?"

"ఖాళీ సీసా తెస్తే నువ్వు ఊరుకుంటావా? నాలుగో చోట ముంచి తెచ్చా. నీళ్ళకి నీళ్ళు. చెల్లు."

"నీ మంచినీళ్ళ సీసా ఏమైంది?"

"అది నువ్వే బ్లీచింగ్‌లో నానబెట్టి గోడ మీద ఆరబెట్టావు. పొద్దున తీస్తే ఇంకా వాసనే. నోట్లో ఎలా పెట్టుకోను?"

వరండాలో అన్నగారికి కాఫీ పొలమారింది.

వదిన జాబితాలను మడిచి, మళ్ళీ విప్పింది.

"మేడంకి చెప్పకు వదినా" అన్నాడు మరిది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "సీసాల్లో నీళ్ళు మారిస్తే పడవ కాంట్రాక్టు రద్దని సంతకం పెట్టాను. ఈ ఒక్క శుక్రవారం పోనీ. చేప ఎక్కడికి పోతుంది?"

"మొగ నిండా వలలేస్తే ఎక్కడికి పోతుందో నీకు నేను చెప్పాలా?"

మర్నాడు పొద్దున వదిన ప్రయోగశాలకు వెళ్తుంటే మరిది నాలుగడుగులు వెనకగా నడిచాడు. రమ్మని ఆమె అనలేదు, రానని అతనూ అనలేదు. మేడం అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికే తుడుచుకుందని మరిదికి అనిపించింది. తర్వాత జాబితాలు తెప్పించుకుని చూసింది.

"అంటే ఇది బ్లాంకే కాదు. నాలుగో చోటుదే ఇంకో సీసా."

"అవును మేడం. రెండిట్లోనూ ఉంది."

"ఉంది. కానీ ఆ రోజుకి బ్లాంకు లేదు. కమిటీ మొదట అడిగేది దాన్నే. ఉన్నదున్నట్టు చెబితే ఇతని కాంట్రాక్టు పోతుంది. అప్పుడైనా వాళ్ళు నమ్ముతారన్న హామీ లేదు." మేడం రిజిస్టరు తెరిచింది. "పోనీ ఈ ఏడాదికి చేప సంగతి వదిలేద్దాం. ఈ వాక్యం కొట్టేస్తాను. ప్రయోగశాల తప్పు లేదని రాస్తాను. ఎవరి తప్పో రాయను. మీ పేరుకి మచ్చుండదు."

"మేడం చెప్పింది బాగుంది వదినా" అన్నాడు మరిది మెల్లగా.

వదిన ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదివింది.

"కొట్టెయ్యకండి మేడం. దాంతోపాటు చేప కూడా పోతుంది" అంది. "శుక్రవారం నేనూ మా మరిదీ కమిటీ ముందుకి వస్తాం. జరిగింది జరిగినట్టు మేమే చెప్తాం."