రమణమ్మ నొక్కిన బెల్లు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. అయినా మోయలేక అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇళ్లలో లైట్లకు స్మార్ట్ స్విచ్‌లు బిగించడం నా పని. వెంకటాచలంలో ఖాదర్ భాయ్ ఇంట్లో పాతవి తీసి కొత్తవి పెట్టడానికి వెళ్లాను. వాటి యాప్ కొత్త ఫోన్లలో తెరుచుకోవడం మానేసింది. ఆయన భార్య నూర్జహాన్ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా...

నేను పాత బోర్డు విప్పకముందే కుట్టుమిషను పైనున్న ట్యూబులైటు మూడుసార్లు ఆరి వెలిగింది. ఆమె వెంటనే లేచి వెళ్లి తలుపు తీసింది. బయట కూరగాయలామె. అప్పుడైనా నాకు తట్టాలి కదా? తట్టలేదు. ఉప్పుగాలికి స్విచ్ చెడిందనుకున్నాను. కొత్తది పెట్టాక లైటు నిలకడగా వెలుగుతుంటే నా పనితనానికి నేనే మురిసిపోయాను. బయలుదేరుతుంటే ఆమె బెల్లునీ లైటునీ చూపించి ఏదో అడిగింది. అర్థం కాలేదు. ఇంకో ఇంటికి ఆలస్యమవుతోందని తలూపి వచ్చేశాను. ఒక్కసారి ఆ బెల్లు నొక్కి చూసి ఉంటే నా సొమ్మేం పోయేది?

వారం తిరక్కముందే కావలిలో ఆమె తల్లి తెల్లవారుతూనే చనిపోయింది. ఖాదర్ భాయ్ సరుకు కోసం చెన్నైలో ఉన్నాడు. భార్యకు మెసేజ్ పెట్టాడు, ఆమె ఫోను వేరే గదిలో ఛార్జింగులో ఉంది. పక్కింటి రమణమ్మకు ఫోన్ చేసి, వెళ్లి చెప్పమన్నాడు. రమణమ్మ వెళ్లి బెల్లు నొక్కింది. ఎంతకీ తలుపు తెరుచుకోకపోయేసరికి, కబురు అంది వెళ్లిపోయిందనుకుని తిరిగొచ్చేసింది. లోపల నూర్జహాన్ మిషను తొక్కుతూనే ఉంది. మధ్యాహ్నం ఫోను చూసుకుని పరుగెత్తేసరికి జనాజా లేచిపోయింది. తల్లి ముఖం చివరిసారి చూసుకోలేకపోయింది.

నాలుగో రోజు బెల్లు చూడమని ఖాదర్ భాయ్ నన్ను పిలిచాడు. ఆయన పరామర్శకు వచ్చినవాళ్లతో మాట్లాడుతుంటే నేను ఫోనులో యాప్ తెరిచాను. బెల్లు నొక్కితే లైటు ఆరి వెలిగే లంకె కొత్త స్విచ్‌లో లేదు. నేను కలపలేదు. అప్పుడు అర్థమైంది. కలపడానికి నిమిషం పట్టింది. ఎవరూ చూడలేదు.

"అన్నా, బెల్లు పన్జేస్తా ఉందా లేదా? రమణమ్మ నొక్కినానంటా ఉంది."

"పన్జేస్తా ఉంది భాయ్. మొదట్నుంచీ బాగానే ఉంది."

ఆయన బయటికెళ్లి నొక్కాడు. లైటు మూడుసార్లు ఆరి వెలిగింది. నూర్జహాన్ దాన్ని చూసింది. తర్వాత గేటు దగ్గర నిలబడ్డ రమణమ్మను చూసింది.

"పదిమార్లు నొక్కినాను నాయనా. నా బిడ్డల మీద ఒట్టు," అంది రమణమ్మ.

నేను సంచిలో స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఒకప్పుడు ఆ ఇద్దరూ గోడ మీదుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకునేవారు. ఇప్పుడు ముఖాలు చూసుకోరట. నేను ఏ ఇంట్లో పని ముగించినా ప్రతి బెల్లూ రెండుసార్లు నొక్కి చూస్తాను. చాదస్తం అని నవ్వుతారు. చాదస్తం కాదు, భయం.

వెళ్లి నిజం చెప్పవచ్చు కదా అంటారా? రెండుసార్లు ఆ వీధి మొదటి దాకా వెళ్లి బండి తిప్పుకుని వచ్చేశాను. పని పోతుందని కాదు. నూర్జహాన్ ఆ రోజు రమణమ్మను చూసిన చూపు నా వైపు తిరుగుతుందని. ఆ చూపు నా మీద పడాల్సింది. ఇన్నేళ్లుగా ఆ పెద్దావిడ మోస్తోంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఒక్క మాట మాత్రం ఎక్కడైనా రాసి పెట్టాలనిపించింది, రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. ఆ రోజు రమణమ్మ బెల్లు నొక్కింది. నిజంగానే పదిసార్లు నొక్కింది.