కినుయో మామ్మ మెచ్చని ఇళ్లు

కినుయో మామ్మకి ఒక్కటే జబ్బు. అమ్మకానికి పెట్టిన ఇల్లు కంటబడితే చాలు, కొనడానికొచ్చినవాడి మొహం మీదే ఆ ఇంటిని తిట్టకుండా ఉండలేదు. మిగతా విషయాల్లో ఎనభై ఒక్కేళ్ల మామూలు మనిషే. ముల్లంగి ఊరేస్తుంది, చేపలు ఎండబెడుతుంది, రేడియోలో వాతావరణం వింటుంది, విన్నాక ఆ చెప్పినవాణ్ణి తిడుతుంది.

నేను హట్టాని. సరస్సు ఒడ్డున ఈ హినౌరా ఊళ్లో ఇళ్ల బ్రోకర్ని. మా నాన్నదీ ఇదే పని. ఆయన కాలంలో నీటి ఒడ్డున ఇల్లు కావాలంటే మా ఆఫీసు గుమ్మంలో నిలబడి బతిమాలేవారు. నా కాలానికి ఇళ్లు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. కుర్రవాళ్లు ఒసాకాకి పోయారు, పెద్దవాళ్లు పైకి పోయారు, తలుపులు మూసిన ఇళ్లు తొమ్మిది నా నెత్తిన పడ్డాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. మా ఊళ్లో కొనబోయినా అడవే. అయినా ఏడాదికి ఒకరో ఇద్దరో పట్నం నుంచి దారి తప్పి వస్తారు, వాళ్లని ఈవిడ తరిమేస్తుంది.

పట్నంవాళ్లంటే నాకూ గొప్ప గౌరవమేం లేదు. అందరూ మే నెలలోనే వస్తారు. నీళ్లు చూసి ఆహా అంటారు, కప్ప అరిస్తే ఓహో అంటారు. వంటింట్లో కుళాయి తిప్పి చూడరు కానీ కిటికీలోంచి పది ఫొటోలు తీస్తారు. అలాంటివాళ్లకి ఇల్లు అంటగట్టడం పెద్ద విద్య కాదు. పక్కన కినుయో మామ్మ లేకపోతే చాలు.

ఆవిడ వస్తున్నట్టు ముందే తెలిసేది. కొండ దిగి ఎలుగుబంట్లు వస్తాయని మా ఊళ్లో చాలామంది నడుముకి గంట కట్టుకుంటారు. అందరి గంటా గణగణమంటుంది. ఆవిడది మాత్రం ఒక గుడ్డసంచీలో ఉండి గలగలమనేది.

"ఇదేం గంట మామ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఎలుగుబంటికి లేని అనుమానం నీకెందుకురా?" అంది.

ఆ గలగల వినబడిందంటే నా బేరం ముగిసినట్టే. ఒకసారి నగోయా నుంచి పళ్ల డాక్టరొకాయన వచ్చాడు. పడకగది కిటికీ తెరిచి, "రోజూ ఇక్కణ్ణుంచి సూర్యోదయం చూడొచ్చండీ," అన్నాను. ఆయన కళ్లు అప్పుడే చెమర్చాయి కూడా. కిటికీ కింద గలగల.

"ఎవరు చెప్పారు నాయనా నీకు?" అంది మామ్మ, మొహం మాత్రమే పైకి పెట్టి. "అది పడమర. రోజూ చూడొచ్చు సూర్యుణ్ణి, మధ్యాహ్నం మూడింటికి కొండ వెనక్కి పోతుంటే. ఆ తర్వాత లైటేసుకోవాలి."

పళ్ల డాక్టరు నావైపు చూశాడు. నేను కిటికీ మూశాను.

ఇంకొకాయన కాఫీ హోటలు పెడతానని వచ్చాడు. కొత్త తోలు బూట్లు గుమ్మంలో విప్పి, నేనిచ్చిన ఇంటి చెప్పులు తొడుక్కుని లోపలికి నడిచాడు. "ఈ గోడ తీసేసి అద్దం పెట్టిస్తాను," అంటున్నాడో లేదో, మామ్మ వెనక నిలబడి ఉంది.

"పెట్టించు. ఆ గోడే ఇంటిని మోస్తోంది. జనవరిలో నీ కాఫీ ఎవరు తాగుతారు, కొంగలా? అటక మీద ముంగిసంత జంతువొకటి సంసారం చేస్తోంది, దానికి కాఫీ అలవాటు లేదు. ఆ మూల బల్లచెక్క తొక్కకు, కిందికి పోతావ్."

ఆయన తొక్కాడు. మోకాలిదాకా పోయాడు. కాలు పైకి లాక్కుని ఇంటి చెప్పులతోనే కారెక్కాడు. ఆ బూట్లు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. మంచు పడితే నేనే వేసుకుంటాను, కాస్త బిగువు.

నాకు ఒళ్లు మండేది ఆవిడ తిట్టినందుకు కాదు, ఆ తిట్లన్నీ నిజమైనందుకు. ఏ ఇంట్లో ఏ చెక్క పుచ్చిందో, ఏ పెంకు జారిందో బ్రోకర్నైన నాకు తెలియదు, ఆవిడకి తెలుసు. ఎలుకలు వెళ్లి చెబుతాయేమో అనుకునేవాణ్ణి. నాతో సహా అందరినీ అదే కొలతతో కొలిచేది. "మీ నాన్న అబద్ధాలాడితే కనీసం నమ్మబుద్ధయ్యేదిరా హట్టా. నీకు అదీ చేతకాదు," అనేది.

మంచిమాటలతో పని కాదని, బేరం ఉన్న రోజున ఒకసారి వేడినీటి బుగ్గలకి టికెట్ కొనిచ్చి బస్సెక్కించాను. రెండు రాత్రుళ్లు, భోజనంతో సహా. మధ్యాహ్నం బస్సుకే దిగిపోయింది.

"ఏం మామ్మా, అప్పుడే?"

"గోరువెచ్చగా ఉంది. ఆ దుప్పట్లూ వాళ్లూ. నీ బేరం ఏ ఇంట్లోరా?"

ఇక ఇషికురావాళ్ల ఇంటి సంగతి. నీటికి ఆనుకుని ఉన్న పాత ఇల్లు. అప్పటికి తొమ్మిదేళ్లుగా మూసి ఉంది. ఇంటాయన ఒసాకాలో ఉంటాడు. ఆ ఏడు నవంబరు మొదట్లో ఫోన్ చేసి, "హట్టాగారూ, ఇక నావల్ల కాదు. మంచు పడి కూలితే పక్కింటివాళ్లు నామీద పడతారు. ఈ నెలాఖరులోగా అమ్మితే అమ్మండి, లేకపోతే ముప్పయ్యో తారీఖున మిషన్ వస్తుంది, పడగొట్టించేస్తున్నా," అన్నాడు.

నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఇల్లది. మా నాన్న నాకు ఈత నేర్పింది ఆ ఇంటి మెట్ల దగ్గర. వ్యాపారం సంగతి పక్కన పెట్టండి, ఆ ఇల్లు పోవడం నాకిష్టం లేదు.

అదృష్టంకొద్దీ క్యోటో నుంచి ఒక జంట వస్తామన్నారు. ఆయన ఉకాయ్‌గారు, సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. భార్య చిసాతోగారు బట్టలకి రంగులద్దుతుంది. ఇక మామ్మని ఆపడమెలా? ఆలోచించి ఆలోచించి ఆదివారం రమ్మన్నాను. ఆ ఆదివారం ఊరంతా కాలవ పూడిక తీసే రోజు. ఇంటికొకరు పార పట్టుకుని రావాల్సిందే, రానివాణ్ణి ఏడాదిపాటు చెప్పుకుంటారు. పైగా పని చేయించే పెత్తనం మామ్మదే. పొద్దున్నే లేచి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ కాలవ ఇషికురావాళ్ల గోడ పక్కనుంచే పోతుందన్న సంగతి, ఉకాయ్ దంపతులు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా గుర్తొచ్చింది.

గలగల.

రబ్బరు బూట్లు, తలకి తువ్వాలు, చేతిలో పార, మోచేతులదాకా బురద. కాలవలోంచి లేచి నిలబడింది కినుయో మామ్మ. బూట్లు విప్పి, కాళ్లూ చేతులూ పారా కడుక్కుని, ఆ పారతోనే నన్ను తోసుకుని లోపలికొచ్చింది.

"చూడ్డానికొచ్చారా? చూడండి. ఇది ఇల్లని మీకెవరు చెప్పారో గానీ," అని మొదలెట్టింది. "ఈశాన్యం మూల రెండు పెంకులు జారాయి, వానొస్తే కింద బకెట్ పెట్టాలి. స్నానాల గదిలో నీళ్లు కాగేసరికి మనం స్నానం సంగతే మర్చిపోతాం. ఆ వంటగట్టు పొట్టివాళ్లకోసం కట్టారు, నడుం విరుగుతుంది. వెనక తలుపు గడియ పడదు, బయటినుంచి చిటికెనవేలితో తియ్యొచ్చు. ఫిబ్రవరిలో సరస్సు మీంచి గాలి వస్తే ఈ గది తలుపులన్నీ పళ్లు కొరికినట్టు చప్పుడు చేస్తాయి. పరమ నికృష్టపు కొంప."

"అబ్బెబ్బే, ఎంతమాటండీ," అంది చిసాతోగారు, సగానికి వంగి నమస్కరిస్తూ.

ఇలాంటి జవాబు మామ్మకి అంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. రెట్టించిన ఉత్సాహంతో అటక మీద పడింది, అక్కణ్ణుంచి చాపల మీద, చాపల మీంచి పెరట్లో పుల్లపండ్ల చెట్టు మీద పడింది. ఆవిడ తిట్టినకొద్దీ చిసాతోగారు ఇంకా కిందికి వంగుతోంది. "అలా అనకండమ్మగారూ, మాకిది చాలా ఎక్కువ," అంటోంది. ఉకాయ్‌గారు మాట్లాడకుండా తల ఊపుతున్నాడు. వీళ్లు ఎగతాళి చేస్తున్నారో, మతి పోయిందో నాకు అంతుపట్టలేదు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మిషన్ చప్పుడు చెవుల్లో మోగడం మొదలైంది.

చివరికి చిసాతోగారు చాప మీద మోకాళ్లు మడిచి కూర్చుని, మూటలోంచి మిఠాయి పెట్టె తీసి మామ్మ ముందు పెట్టింది. "అస్సలు బావుండదు, నోట్లో పెట్టుకోలేరు. ఏమనుకోకుండా తీసుకోండి. ఇంత అపురూపంగా చూసుకున్న ఇంటిని వదులుకుంటున్నారు. మాకు ఇవ్వడం మీకెంత కష్టమో తెలుసండీ."

"ఈవిడ ఇంటావిడ కాదండీ!" అన్నాను. "ఇంటాయన ఒసాకాలో ఉన్నాడు."

"మరి ఈ అమ్మగారు?"

"ఎవరూ కాదు. ఊరావిడ."

చిసాతోగారు నమ్మలేదు. "అదెలా కుదురుతుందండీ? ఇంటిని ఇలా తీసిపారేసి మాట్లాడేది ఇంటివాళ్లే కదా. పరాయివాళ్లు మొహమాటానికైనా బావుందంటారు. మా వీధిలో అందరూ అంతే. ఇరుకు కొంప, మురికి కొంప అంటూనే ఇంటికి పిలుస్తారు, వెళ్లి చూస్తే అద్దంలా ఉంటుంది."

"తొమ్మిదేళ్లుగా మూసి ఉందండీ ఇల్లు."

"ఎవరు చెప్పారు?" అని ఆవిడ తన కాలు పక్కకి తిప్పి మేజోడు అడుగు చూపించింది. తెల్లటి మేజోళ్లు. ఇల్లంతా, అటక మెట్లతో సహా, అరగంట నడిచింది వాటితో. అడుగున ఒక్క మరక లేదు. "తొమ్మిదేళ్లు మూసిన ఇంట్లో బూజు వాసన రావాలి. ఇక్కడ చాపల గడ్డి వాసన వస్తోంది."

నేను గాలి పీల్చి చూశాను. నిజమే. ఇరవై రెండేళ్లుగా ఇళ్లు అమ్ముతున్నాను, నా ముక్కు దేనికి పెట్టుకున్నానో తెలియదు.

కినుయో మామ్మ మొహం ఎర్రబడింది. "నాకు కాలవ పనుంది," అని గబుక్కున లేచింది. లేవడంలో నడుం దగ్గర తాడు పార పిడికి తగులుకుని తెగింది. గుడ్డసంచీ చాప మీద పడి నోరు తెరిచింది. తాళంచెవులు. తొమ్మిది. ప్రతిదానికీ ఒక చెక్కముక్క, చెక్కముక్క మీద ఇంటిపేరు.

"మామ్మా," అన్నాను, "ఇది ఎలుగుబంటి గంట కాదూ?"

"ఎలుగుబంట్లు రాలేదుగా? పని చేసినట్టే."

"ఇవి నీకెవరిచ్చారు?"

"వెళ్లేవాళ్లు ఇచ్చారు. ఇంక అక్కర్లేదు మామ్మా, సరస్సులో పారెయ్ అన్నారు. అంత దూరం ఎవడు విసురుతాడు? నా భుజం నెప్పి." వంగి ఒక్కొక్కటే ఏరుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అంది. "మూసి పెడితే ఇల్లు కుళ్లిపోతుంది. తలుపులు తీసి గాలి పోనివ్వాలి, బకెట్ పారబొయ్యాలి. రోజుకి ఒక ఇల్లు. అంతే, అదేమంత పెద్ద పని?"

"మరి కొనడానికొచ్చినవాళ్లని తరిమావెందుకు? నా పొట్ట ఎందుకు కొట్టావు?"

"నీ పొట్టకేం, బాగానే ఉంది. మే నెలలో మురిసిపోయేవాడు జనవరిలో పారిపోతాడ్రా. మళ్లీ ఆ తాళంచెవి నా నడుముకే. ఒకసారి వదిలేస్తేనే ఆ ఇంటిని నిలబెట్టలేక చస్తున్నా. రెండోసారి వదిలేస్తే ఏ మొహం పెట్టుకుని తలుపు తియ్యను?"

నాకు ఆవిడ కాళ్ల మీద పడాలో, నా ఆఫీసు మూసెయ్యాలో తెలియలేదు. అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు ఉకాయ్‌గారు.

"అన్నిటికన్నా చెడ్డ నెల ఏదండీ?"

"ఫిబ్రవరి," అంది మామ్మ. "కప్పు మీద మంచు నడుం లోతు. నువ్వెక్కి తొయ్యగలవా? నీ నడుం చూస్తే కుర్చీకి పుట్టినట్టుంది."

"ముప్పై మూడేళ్లు బస్సు నడిపానండీ. ఎక్కినవాడు ఆలస్యమైందని తిట్టాడు, దిగినవాడు తొందరగా ఆపానని తిట్టాడు. తిడుతూ ఇంత ఉపయోగపడే మాటలు చెప్పినవాళ్లని మిమ్మల్నే చూస్తున్నా. ఆ పెంకులు రేపు నేనే సర్దుతాను, పైకెక్కడం ఎలాగో మీరు కిందనుంచి తిడుతూ చెప్పండి."

"చెప్తా. పడితే నా బాధ్యత లేదు," అంది మామ్మ.

ఇరవై ఎనిమిదో తారీఖున సంతకాలయ్యాయి. మిషన్ రాలేదు. సామాను దింపుకున్న రోజున ఆ దంపతులు ఆనవాయితీ ప్రకారం చుట్టుపక్కల ఇళ్లకి తలా ఒక తువ్వాలు పట్టుకుని పరిచయం చేసుకోవడానికి తిరిగారు. మామ్మ ఇంటికి నేనూ వెంట వెళ్లాను. "ఏదో పనికిమాలినదండీ," అంటూ చిసాతోగారు తను రంగు వేసిన తువ్వాలు ఇచ్చింది. మామ్మ విప్పి, వెలుగులో పెట్టి చూసి, "అవును, పనికిమాలిందే," అని తలకి కట్టుకుంది. సంచీలోంచి ఇషికురా అని రాసి ఉన్న తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "తుప్పు పట్టింది. సగం తిప్పి ఆగాలి, తర్వాత మళ్లీ తిప్పాలి. దరిద్రపు తాళం." తాళంచెవి మెరుస్తోంది. ఇస్తున్నప్పుడు దాన్ని వదలడానికి ఆవిడ వేళ్లు కాస్త ఆలస్యం చేశాయి. నేను చూడనట్టు అటు తిరిగాను.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి చిసాతోగారు నాకు ఫోన్ చేసింది. గొంతు గుసగుసగా ఉంది.

"హట్టాగారూ, మామ్మగారు వచ్చారండీ. మేమింకా పక్క మీదే ఉన్నాం. తలుపులన్నీ బార్లా తీసేస్తున్నారు."

"తాళంచెవి ఇచ్చేసిందిగా, లోపలికెలా వచ్చింది?"

"వెనక తలుపు. గడియ పడదని చెప్పారుగా."

"మిమ్మల్ని చూసి ఏమంది?"

"ముందు ఉలిక్కిపడ్డారు. అలవాటున ఇటు కాళ్లొచ్చాయట, మనుషులున్నారన్న సంగతి మర్చిపోయారట. తర్వాత, 'ఇంత పొద్దెక్కినా పడుకునే ఉన్నారా? ఈ ఇంటికి ఉన్న లోపాలు చాలక మీరొకళ్లా' అన్నారు. ఇప్పుడు పొయ్యి దగ్గర టీ పెడుతున్నారు. మా టీపొడి కూడా బాగాలేదట."

"క్షమించండి. ఇవాళే వడ్రంగిని పంపి ఆ గడియ బాగుచేయిస్తాను."

అవతల ఉకాయ్‌గారు ఏదో అనడం వినబడింది. ఆవిడ నవ్వింది.

"వద్దంటున్నారండీ. దాని జోలికి ఎవరూ వెళ్లొద్దట."

ఇది జరిగి నాలుగేళ్లయింది. పెంకులు కొత్తవి వేశారు, వంటగట్టు ఎత్తు పెంచారు, స్నానాల గదిలో నీళ్లు ఐదు నిమిషాల్లో కాగుతున్నాయి. ఆ గడియ మాత్రం ఇంకా పడదు.